వేలి కణుపు దెబ్బ

మా అక్క కొడుక్కి ఏ వస్తువు కనబడినా వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టి వినే అలవాటు ఉండేది. రేకు డబ్బా, నాగలి కర్రు, లారీ రిమ్ము, ఏదీ వదిలేవాడు కాదు. అనంతపురంలో స్నేహితులతో కలిసి అట్లాంటి సామాన్లతోనే రాక్ బ్యాండు పెట్టాడు.

నా మూడో బోరు కూడా ఎండిపోయిన ఏడాది వాడు మా ఇంటికి వచ్చాడు. బోరులోంచి పీకి గోడకు ఆనించిన ఇనుప పైపును కణుపుతో కొట్టాడు.

"మామా, ఇది బాగా పలుకుతాది. నాకియ్యి."

"పోరా! ఇంకో బోరుకు దించల్ల దాన్ని."

మా ఆవిడ చేట పక్కన పెట్టి లేచింది. "తీసకపో అల్లుడా. అది కండ్ల ముందర ఉన్నన్ని దినాలు మీ మామ భూమిని తవ్వతానే ఉంటాడు."

వాడు పైపును బస్సు మీద కట్టుకొని పోయాడు.

తర్వాత రాయదుర్గంలో వాళ్ల కచేరీ చూశాను. తాడుతో వేలాడదీసిన నా పైపును వాడు ముందు కణుపుతో తట్టి విని, ఆ తర్వాతే సుత్తితో కొట్టాడు. అయిపోయాక చెమటతో పరిగెత్తి వచ్చాడు.

"ఎట్లుండాది మామా?"

"గోలగా ఉండాది. పైపు మాత్రం మళ్లీ ఇంటికి తేవద్దు."