గోడ మీద మరిడమ్మ

మరిడమ్మకు పొలంగట్టు మీద తాడిచెట్లున్నాయి. వేసవి వచ్చిందంటే భర్త లక్ష్ముడు తెల్లవారేసరికి గెలలు దించుతాడు. ఆమె కాయలు చెక్కి, ముంజలు తీసి, గంపకెత్తుకుని రాజాం బజారుకు తెస్తుంది. ముప్పై ఏళ్లుగా అదే పని.

ఈ ఏడు బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన జెలాటో ఐస్‌క్రీం షాపుకీ ఆమే ముంజలు పోస్తోంది. వెనక తలుపు దగ్గర గంప దించి రావడమే తప్ప ఏనాడూ లోపలికి వెళ్లలేదు. డిగ్రీ పరీక్షలు అయిపోయిన రోజు కూతురు రేఖ పట్టుబట్టి ముందు తలుపు నుంచి తీసుకెళ్లింది.

రేఖ రెండు కప్పుల ముంజల జెలాటో తెచ్చింది. మొదటి చెంచా మరిడమ్మకు నచ్చింది కూడా. తలెత్తి చూస్తే ఎదుటి గోడ నిండా తన ఫొటో. ఎప్పుడు తీశారో తెలీదు. నుదుట బొట్టు మాత్రం లేదు, చెరిపేశారు. కింద ఏం రాశారని అడిగితే రేఖ చదవనంది. గదమాయించాక చదివింది. భర్తను పోగొట్టుకున్న ఈ తల్లికి మీరు తినే ప్రతి కప్పూ ఆసరా అట.

మరిడమ్మ కప్పు అక్కడే పెట్టి లేచింది. కౌంటర్లో ఉన్న యజమాని వినోద్ నవ్వుతూ కూర్చోమన్నాడు.

"నా మొగుడు సచ్చిపోనాడని నీకెవులు సెప్పినారు?"

వినోద్ గొంతు తగ్గించాడు. జాలిపడితే జనం ఎక్కువ కొంటారని, అది ఉత్త ప్రకటనేనని, అందరూ చూస్తున్నారు మెల్లగా మాట్లాడమని బతిమాలాడు.

"సూడనీ. పొద్దున్న సెట్టెక్కి నీకు కాయలు దించినోడు ఎవుడు? మీయమ్మ ఫొటో ఎట్టి, మీ నాన్న పోనాడని రాసుకోలేకపోనావేటి?"

వినోద్ వారంలో మార్పిస్తానన్నాడు. మరిడమ్మ కుర్చీ లాక్కుని ఎక్కి, ఫొటోను అంచు పట్టుకుని నిలువునా చీల్చేసింది. తింటున్నవాళ్లు చెంచాలు ఆపి చూశారు. ఎవరూ అడ్డు రాలేదు. రేపటి నుంచి ముంజలు రావని చెప్పి బయటికొచ్చింది.

ఇంటికెళ్లి చెబితే లక్ష్ముడు పడీపడీ నవ్వాడు. తనను అన్నేసి రోజులు చంపి ఉంచినా ఎవరూ పలకరింపుకు రాలేదేమని అడిగాడు. మరిడమ్మకు ఒళ్లు మండిపోయింది. కంచం అతని ముందు ఠపీమని పెట్టింది.