లెటర్‌కెన్నీ కొలిమిలో రోమన్ గుడారపు మేకు

ఐర్లండ్‌లోని స్లైగో ఆసుపత్రిలో నేను ఎముకల సర్జన్‌ని. చలికాలంలో మంచు మీద జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది, ఫిజియో కూడా పనిలోకి వెళ్లవచ్చన్నారు. అయినా ఆపరేషన్ థియేటర్‌కు తిరిగి వస్తానని చెప్పలేకపోయాను. చేతి పట్టు మీద నమ్మకం లేదు. రోమన్ సైన్యం గురించి దొరికిందల్లా చదివే మా ఆయన శ్రీకాంత్, ఆ సైన్యం వాడిన ఇనుప సామాను చేయడం లెటర్‌కెన్నీ దగ్గర ఒక కొలిమిలో నేర్పుతారని తెలిసి ఇద్దరికీ బుక్ చేశాడు.

శనివారం ఉదయమే కారులో బయలుదేరి, డొనెగల్ టౌన్‌లో టీకి ఆగినా, రెండు గంటల్లో చేరాం. బస్సులో వస్తే ఊళ్లో దిగి టాక్సీ మాట్లాడుకోవాలి. మధ్యాహ్నం సూప్, బ్రెడ్ ఫీజులోనే ఇస్తారు. ముందే చెబితే మాంసం లేకుండా చేస్తారు.

కొలిమి నడిపే నోరాకు అరవై ఏళ్లుంటాయి. రోమన్లు ఐర్లండ్‌ను జయించనే లేదు కదా అన్నాడు శ్రీకాంత్.

"పక్కనే బ్రిటన్‌లో ఉన్నారుగా. వాళ్ల కోటల్లో దొరికినవి చూసే ఇవి చేస్తున్నా," అందామె. "వచ్చినవాళ్లంతా కత్తి అడుగుతారు. నడిచే సైన్యానికి రాత్రయితే గుడారం కావాలి, గుడారానికి మేకులు కావాలి. అందుకే కమ్మరులు సైన్యంలోనే ఉండేవారు."

ఎర్రగా కాలిన ఇనుమును ఎడమ చేత్తో పటకారుతో దాగలి మీద పెట్టి, కుడి చేత్తో కొట్టాలి. నాలుగు దెబ్బలు బాగానే పడ్డాయి. ఐదోదానికి సుత్తి చేజారి నేల మీద పడింది.

"సుధా, చెయ్యి నొస్తుందా? ఆపేద్దామా?" అన్నాడు శ్రీకాంత్.

"నొస్తలేదు. భయమైతుంది, అంతే."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. నోరా సుత్తి తీసి అందించింది. "పిడిని అంత పిసకొద్దు. ఇనుము చల్లారిపోతోంది, మళ్లీ కాల్చు."

మళ్లీ కాల్చాను. సాయంత్రానికి ఒక కొస మొన తేలింది, రెండో కొసకు బెజ్జం పడి, అందులో రింగు ఎక్కింది. కాస్త వంకరగా ఉంది. "గ్రాండ్," అంది నోరా, నీళ్లలో ముంచి నా చేతిలో పెడుతూ. ఇక్కడివాళ్ల మాటలో అంటే బాగానే ఉందని.

వెళ్లేవాళ్లు నూలు బట్టలు, తోలు బూట్లు వేసుకోండి. నా నైలాన్ జాకెట్‌కు నిప్పురవ్వ పడి చిల్లి పడింది. కొత్త పని కాబట్టే, అక్కడ పట్టు తప్పినా మళ్లీ మొదలుపెట్టగలిగాననిపిస్తుంది. తిరుగు దారిలో కారు నేనే నడిపాను. రెండు వారాల తర్వాత ఒక తుంటి ఆపరేషన్‌లో నిలబడ్డాను. మా పనిలోనూ సుత్తి ఉంటుంది. నర్సు అందిస్తే తీసుకున్నాను.