రైలే ఎక్కలేదన్నారు

మూడేళ్ల క్రితం మిరపకోతలకు వెళుతూ మా ఆయన కిక్కిరిసిన ప్యాసింజరు రైలు తలుపు దగ్గర నిలబడ్డారు. వెనక ఆయన స్నేహితుడు మస్తాన్ తూలాడు. అతని భుజం మీది బియ్యం మూట తగిలి ఆయన కదులుతున్న రైల్లోంచి కిందపడ్డారు. గుంటూరు ఆసుపత్రిలో రెండు కాళ్లూ తీసేశారు.

రైల్వే పోలీసు వచ్చి ఎవరైనా నెట్టారా అని అడిగాడు. మస్తాన్ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు.

"అసలు రైలే ఎక్కలేదండి. పట్టాలు దాటుతుంటే గుద్దింది" అని చెప్పి ఆయన వేలిముద్ర వేశారు.

పోలీసు వెళ్లాక మస్తాన్ ఏడ్చాడు. "ఒరేయ్, అట్టా ఎందుకు చెప్పావురా?"

"నోర్మూసుకో. నువ్వు జైలుకెళ్తే నీ పిల్లల్ని ఎవడు సాకుతాడు? కాళ్లు లేని నేనా?"

తర్వాత పరిహారం కోసం వెళితే లాయరుగారు ఆ వాంగ్మూలం చదివారు. "రైల్లోంచి జారిపడ్డానంటే చాలమ్మా. ఎవరి పేరూ చెప్పక్కర్లేదు, పరిహారం వచ్చేది. పట్టాలు దాటేవాళ్లకు రాదు" అన్నారు. మస్తాన్ వచ్చి నిజం చెప్పినా పరిహారం తేల్చే రైల్వే ట్రిబ్యునల్ నమ్మలేదు. స్నేహితుడు కాబట్టి అలాగే చెబుతాడన్నారు.

నిరుడు మంచానే ఉండి పడ్డ వీపు పుండ్లు ముదిరి ఆయన పోయారు. ఆయనది గొప్ప మనసని అందరూ అంటారు. నిజమే. కానీ మస్తాన్‌ను కాపాడడానికి ఆ అబద్ధం అవసరం లేదు. జారిపడ్డానంటే చాలని చెప్పేవాళ్లు ఆ రోజు ఆ వార్డులో ఒక్కరూ లేరు.