వదిన మీద నేర్చుకున్న స్కాను

పోయిన వారం నెల్లూరులో ఒక వైద్య కళాశాల వాళ్లు, ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్న నన్ను గుర్తుపెట్టుకుని, కొత్తగా పెట్టిన శిక్షణ గది చూసిపొమ్మని పిలిచారు. మంచం మీద నిండు గర్భిణి ఆకారంలో రబ్బరు బొమ్మ ఒకటి పడుకుని ఉంది. పీజీ చదివే అమ్మాయి దాని పొట్ట మీద స్కాను చేసే ప్రోబు ఆనించి కదిలిస్తుంటే, పక్కనున్న తెర మీద బిడ్డ తలా, వెన్నూ, కొట్టుకునే గుండే నిజం మనిషిలో కనిపించినట్టే కనిపిస్తున్నాయి. చెయ్యి పక్కకు పోతే యంత్రమే చెబుతుంది, మళ్లీ మొదటినుంచి చేసుకోవచ్చు. ఆ అమ్మాయి బెదురు లేకుండా నేర్చుకుంటుంటే ముచ్చటేసింది. ఆ వెంటనే మా వదిన గుర్తుకొచ్చింది.

మేము నేర్చుకునే రోజుల్లో ఆసుపత్రి మొత్తానికి ఒకటే స్కాను యంత్రమనీ, అది ఉన్న గదికి మాత్రమే ఏసీ అనీ మా తరం డాక్టర్లకు గుర్తుండే ఉంటుంది. మాకు పని నేర్పే పెద్ద డాక్టరు మేడమ్ స్కాను చేస్తుంటే మేము వెనక నిలబడి, వాన పడుతున్నట్టుండే ఆ చుక్కల్లో బిడ్డ ఎక్కడుందో ఊహించుకునేవాళ్లం. ప్రోబు మా చేతికి వచ్చేదే అరుదు, వచ్చినా బయట స్కాను కోసం నీళ్లు తాగి బిగపట్టుకుని కూర్చున్న గర్భిణులను తలుచుకుంటే చెయ్యి ఆడేది కాదు.

కోవూరులో మా అన్నయ్య ఇంట్లో ఒకరోజు భోజనాల దగ్గర ఈ గోడే వెళ్లబోసుకున్నాను. వదినకు అప్పుడు తొలిచూలు. అన్నం వడ్డిస్తూనే, "దానికేముందమ్మే, నేనొస్తా, నా మీద నేర్చుకో" అంది. మేడమ్ కూడా ఒప్పుకున్నారు. మధ్యాహ్నం యంత్రం ఖాళీగా ఉండే వేళ చూసుకుని వదిన పెన్నా వంతెన దాటి బస్సులో నెల్లూరు ఆసుపత్రికి వచ్చేది. "తొందరగా కానీ, నీళ్లు తాగి తాగి కడుపు పగిలేట్టుండాది" అంటూనే కదలకుండా పడుకునేది. అట్లా ఆమె పొట్ట మీదే నా కంటికి బిడ్డ తలా, తొడ ఎముకా పట్టుబడ్డాయి.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం, బిడ్డకు ఆహారం అందించే మాయ పైన ఉండాల్సింది పోయి కిందనే ఉండి, గర్భసంచి నోటిని కప్పేసినట్టు కనిపించింది. నా కన్ను మీద నాకే నమ్మకం లేక మేడమ్‌ను పిలుచుకొచ్చాను. ఆవిడ చాలాసేపు చూసి, నేను చూసింది నిజమేననీ, కాన్పు ఆపరేషనుతోనే జరగాలనీ, ఏ క్షణాన్నయినా రక్తస్రావం మొదలుకావచ్చు గనక ఆసుపత్రికి దూరంగా ఉంచొద్దనీ చెప్పారు.

వదిన పుట్టిల్లు అల్లూరు అవతల, సముద్రం దగ్గర. పురిటికి తీసుకుపోవడానికి వాళ్ల నాన్నగారు అప్పటికే కారు మాట్లాడుకుని వచ్చి ఉన్నారు. నేను చెప్పిందంతా విని, "మా ఇంట్లో ఆడోళ్లంతా మంత్రసాని చేతిలోనే కన్నారమ్మా. నీకింకా చదువు కూడా అయిపోలా. ఆ టీవీలో చూసి చెప్పేస్తే ఎట్టా?" అన్నారు. మేడమ్ కూడా చూశారని చెప్పినా ఆయన వినిపించుకోలేదు. నేను చెప్పినట్టు జరగకపోతే రెండు కుటుంబాల మధ్య నేనేమైపోతానోనని భయమేసింది.

"నేను ఈడనే ఉంటా నాయనా" అంది వదిన. "ఇన్ని రోజుల్నించి చూస్తా ఉంది, నా లోపల ఏముండాదో నాకన్నా దానికే బాగా తెలుసు."

ఆయన భోజనం చెయ్యకుండానే వెళ్లిపోయారు. మర్నాడు వదిన వాళ్లమ్మను మాత్రం కోవూరుకు పంపించారు.

నెలలు నిండక ముందే, ముసురు పట్టిన ఒక ఉదయం, జడ వేసుకుంటున్న వదినకు నొప్పి లేకుండానే రక్తం మొదలైంది. పక్కింటివాళ్ల జీపులో వంతెన దాటించి తీసుకొచ్చారు. ఆపరేషను మేడమ్ చేశారు, రక్తం అన్నయ్య ఇచ్చాడు, నేను ఆమె తల దగ్గర నిలబడ్డాను. మగబిడ్డ. తల్లీ బిడ్డా దక్కారు. అల్లూరు దారి నీళ్లలో మునిగిపోవడంతో వాళ్ల నాన్నగారు మర్నాటికి గాని రాలేకపోయారు. మనవణ్ణి చూసుకుని, కళ్లు తుడుచుకుని, నా దగ్గరికొచ్చి, "అన్నం తిన్నావామ్మా?" అని మాత్రం అడిగారు.

తర్వాత ఏ పెళ్లిలో కలిసినా వదిన నన్ను నలుగురికీ చూపించి, ఈ డాక్టరమ్మ నా మీదే నేర్చుకుందని చెప్పేది. ఆమె ఒక్కతే కాదు, ఆమె మాట మీద వచ్చి నా చేత స్కాను చేయించుకున్నవాళ్లలో ఎవరో ఒకరు కోవూరు బజారులో ఆపి, అప్పుడు నా పొట్ట మీద చూశావే, ఇప్పుడు బాగా వచ్చిందా అని అడిగేవాళ్లు. వదిన పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పిల్లలు చెయ్యి దిద్దుకోగలుగుతున్నారు, అది మంచిదే, అట్లాగే జరగాలి కూడా. కాకపోతే ఆ అమ్మాయి ఆ గదిలోంచి బయటికి వచ్చి ఊళ్లో నడిచిపోతుంటే, పని బాగా వచ్చిందా అని ఆపి అడిగే మనిషి ఒక్కరూ ఉండరు.