రాజక్క వంతు

ఏదో ఒక పొద్దున నేను వంటింట్లో పడిపోతానేమోనని, పాప వచ్చి నా పక్కన కూర్చుని, అమ్మ నిద్రపోతోందనుకుని నా గాజులతో ఆడుకుంటుందేమోనని నా భయం. పాపకింకా రెండేళ్లు నిండలేదు. తలుపు గడియ అందదు. ఎవరినైనా పిలవాలని తెలియదు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. మా అత్తమ్మ అలాగే పడిపోయింది. అప్పుడు నేను హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ పాఠం చెబుతున్నాను. నా భర్త మధు దుకాణం నుంచి అన్నానికి ఇంటికొచ్చేసరికి అత్తమ్మ స్టవ్ ముందు పక్కకు ఒరిగి ఉంది. పాప ఆమె చేతిగాజులను పైకీ కిందికీ జరుపుతూ కూర్చుని ఉంది.

అత్తమ్మను మేముండే కొత్తవాడలో అందరూ రాజక్క అంటారు. మామయ్య జంపఖానాల దుకాణం పెట్టి, మధు డిగ్రీలో ఉండగానే పోయారు. దుకాణాన్ని మధు అందుకున్నాడు. ఇంటిని ఆమె తన పద్ధతిలో నడిపింది. ఆ పద్ధతి ఏమిటో పెళ్లయి వచ్చిన వారంలోనే నాకు అర్థమైంది. ఆ ఇంట్లోంచి ఏ వస్తువూ అంత తేలిగ్గా బయటికి పోదు. నూనె ప్యాకెట్‌ను ఒంపేశాక నిలువునా కోసి, లోపలి జిడ్డును చపాతీ పిండితో తుడిచేది. అరిగిపోయిన సబ్బు పలుకును కొత్త సబ్బు మీద అద్దేది. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయాలి. చినిగిన నూలు చీరలు పొరలు పొరలుగా కుట్టి బొంతలు చేయాలి.

వీటన్నిటినీ సహించాను గానీ, అన్నం గిన్నెను మాత్రం సహించలేకపోయాను. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి చూస్తే వంటింటి మూలన బొంతలో చుట్టిన మూట ఒకటి ఉంది.

"అదేంది అత్తమ్మా, అన్నానికి బొంత కప్పిన్రు?"

"దానికి చలి పెడ్తాంది బిడ్డా."

"గ్యాస్ ఉంది కదా."

"ఉంటే మండుకుంట ఉండాల్నా? రెండు పొంగులు వచ్చినయ్. ఇగ అదే మగ్గుతది. నీ చదువుల చెప్పలేదా?"

చెప్పారు. వేడి బయటికి పోకుండా ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ గోరువెచ్చటి అన్నంలో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో కూడా తెలుసు. దాని పేరుతో సహా వివరించాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"ఆ పురుగు పేరుకు నాకు నోరు తిరగదు గని, నీ మొగడు పుట్టిన కాన్నుంచి ఈ అన్నమే తింటాండు. జర పోయి చూసిరా, ఎట్లున్నడో."

గదిలో మధు నవ్వు వినిపించింది. నేను కుక్కర్ కొన్నాను. ఆమె దాన్ని కాదనలేదు. కానీ నేను లేని పూట బొంతలోనే వండేది. పాప పుట్టినప్పుడు తన పాత చీరలను ఉడుకునీళ్లలో ఉతికి, ఆరేసి, చతురస్రాలుగా కత్తిరించి పెట్టింది. నేను డైపర్లు తెప్పించుకున్నాను. ఆ గుడ్డల దొంతర అటక మీదికి వెళ్లింది.

అత్తమ్మ పడిపోయిన రోజు దవాఖానలో డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న, బీపీ మందులు సరిగా వేసుకుంటోందా అని. మధు వెంటనే వేసుకుంటుందన్నాడు. నెలనెలా గోలీలు తెచ్చేది అతనే. ఏ గోలీలో చూపించమంటే తేవడానికి నేను ఇంటికి వచ్చాను. పోపుల డబ్బాల వెనక, ఆమె వక్కలు పెట్టుకునే పాత అల్యూమినియం పెట్టె దొరికింది. మూత తీస్తే అడకత్తెర, దాని కింద సగం సగం చేసిన గోలీలు. పెట్టె నిండా. కొన్ని పసుపు రంగుకు తిరిగాయి. అడుగున విప్పని అట్టలు కూడా ఉన్నాయి, రబ్బరు బ్యాండు వేసి.

సబ్బు పలుకును దాచినట్టే వాటినీ దాచింది.

మెదడులో నరం చిట్లిందన్నారు. కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. కొంచెం మాట తిరిగాక మధు ఆమె మంచం పక్కన కూర్చుని అడిగాడు.

"ఎందుకు చేసినవే అమ్మా గట్ల? నేను తెస్తనే ఉంటి గద."

"మంచిగనే ఉంటి గద కొడుకా. సగమే సాలు అనిపిచ్చె. దుకాణం నడవని నెలల పనికొస్తయనుకున్న."

మధు లేచి బయటికి వెళ్లిపోయాడు. దుకాణం నడవడం లేదన్న సంగతి మాలో ఎవరమూ ఆమెకు చెప్పలేదు. కానీ ఆమెకు తెలుసు. జంపఖానాలు కొనేవాళ్లు తగ్గిపోయారు. పెళ్లిళ్లకు కూడా ప్లాస్టిక్ చాపలే పరుస్తున్నారు.

సెలవులు ఎక్కువయ్యాయని కాలేజీవాళ్లు ఇంక రావద్దన్నారు. ఒక పొద్దున అన్నం సగంలో ఉండగా గ్యాస్ అయిపోయింది. పాప ఆకలికి ఏడుస్తోంది. హాల్లో మంచం మీద నుంచి అత్తమ్మ ఏదో అంది. దగ్గరికి వెళ్లి వంగితే గానీ అర్థం కాలేదు.

"బొంత చుట్టు."

చుట్టాను. పాపకు స్నానం చేయించి వచ్చేసరికి అన్నం ఉడికింది. ఆ రోజు నుంచి అలాగే వండుతున్నాను. చల్లారనివ్వకుండా వెంటనే తినేస్తాం, ఆ బ్యాక్టీరియా భయం నాకింకా ఉంది. నూనె ప్యాకెట్లు కోస్తున్నాను. సబ్బు పలుకులు అద్దుతున్నాను. అటక మీది గుడ్డలు దిగాయి, పాపకు అవే కడుతున్నాను. ఇదంతా ఆమె మంచం మీద నుంచి చూస్తూ ఉంటుంది. తన పనులు నా చేతుల్లో జరుగుతుంటే సంతోషపడుతుందేమో అనుకున్నాను. ఆమె ముఖంలో సంతోషం కనిపించదు. వంటింట్లో చప్పుడైతే అటు తిరుగుతుంది, లేవబోతుంది, ఆగిపోతుంది. వ్యాయామం చేయించే అబ్బాయి మొదట్లో రోజూ ఏదో ఒక మంచిమాట చెప్పేవాడు. ఇప్పుడు వచ్చి చేయించి వెళ్తాడు. నరం ఇంకోసారి చిట్లితే కష్టమని డాక్టర్ మాకు ముందే చెప్పాడు.

ఒక మధ్యాహ్నం ఆమె ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

"ఈ చెయ్యి వట్టిగ ఉంటాంది నవ్యా. ఎవలకన్న పనికొస్తదంటే ఇచ్చెయ్యిండ్రి."

నాకు నవ్వు రాలేదు. ఆమె కూడా నవ్వలేదు.

నాకు కాన్పు తర్వాత థైరాయిడ్ వచ్చింది. రోజూ పరగడుపున గోలీ వేసుకోవాలి. ఆ మందు హాఫ్ లైఫ్ దాదాపు ఒక వారం. అంటే ఇవాళ వేసుకున్నదాంట్లో సగం వారం తర్వాత కూడా ఒంట్లో ఉంటుంది. అందుకని రోజు విడిచి రోజు వేసుకుంటే ఏమీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అలా ఒంటికి అందేది సగమైతే, కొన్నాళ్లకు ఒంట్లో నిలిచేది కూడా సగమే అవుతుంది. లెక్కలోని ఆ రెండో భాగాన్ని నేను పిల్లలకు బోర్డు మీద రాసి చూపించగలను. నా విషయంలో మాత్రం అక్కడిదాకా వెళ్లలేదు. రక్తపరీక్షను వచ్చే నెలకు, మళ్లీ ఆపై నెలకు తోసేశాను. గుడ్డు పాపకు పెట్టి, గిన్నెకు అంటుకున్నది నేను తిన్నాను. జుట్టు ఊడుతోంది. పొద్దున్నే పాదాలు బరువుగా ఉంటాయి. పాపకు అన్నం తినిపిస్తూ కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాను. పని ఎక్కువైందిలే అనుకున్నాను.

ఈమధ్య ఒక పొద్దున పాపను ఒళ్లో పెట్టుకుని అత్తమ్మకు గోలీ మింగిస్తున్నాను. ఆమె మింగి, గ్లాసును తోసి, నా వైపు చూసింది.

"నీదేది?"

"రేపు ఏస్కుంట అత్తమ్మా."

"మొన్న గూడ ఏస్కోలె. మంచం మీదికెల్లి నాకు అంత కనవడ్తది."

"నిన్న ఏస్కున్న గద. ఒకటి ఏస్కుంటే అది వారం దాక ఒంట్ల ఉంటది. ఫికర్ లేదు. నాకు మంచిగనే ఉంది."

ఆమె పెదాలు కదిలాయి. మాట కూడదీసుకుంటోందనుకున్నాను. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. కుడి కంటి నీళ్లు చెంప మీదే ఆగిపోయాయి, ఆమెకు ఆ సంగతి తెలియలేదు. కొంగుతో తుడిచాను.

"నాకు గూడ మంచిగనే ఉండె బిడ్డా," అంది.

వెళ్లి గోలీ తెచ్చి ఆమె ఎదుటే మింగాను. అప్పటి నుంచి రోజూ అక్కడే వేసుకుంటున్నాను. రక్తపరీక్షకు వెళ్లొచ్చాను. గుడ్డు రెండు ముక్కలు చేసి ఒకటి నా పళ్లెంలో పెట్టుకుంటున్నాను. భయం పోలేదు. ఆమె ఇక లేచి తిరగదు. ఆ పొద్దున పాప ఒళ్లోంచి జారి ఆడుకోవడానికి పోయాక, ఒక్కో మాటకూ ఆగుతూ ఆమె చెప్పింది మాత్రం తప్పకుండా పాటిస్తున్నాను.

"నూనెల మిగిలబెట్టు, గ్యాసుల మిగిలబెట్టు, ఏడనన్న మిగిలబెట్టు. నీ వంతుల మాత్రం కోత పెట్టకు."