గవరయ్యకి కొత్త టీవీ పడలేదు

నడిసముద్రపు ద్వీపంలో తెలుగువాళ్లుండే బతు బస్తీలో గవరయ్య ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా చెబుతారు, జన్మలో ఒక్కసారైనా ఓడలో వాంతి చేసుకోని మనిషని. ఆ బిరుదు ఆయనకి ఎవరూ ఇవ్వలేదు, తనకు తానే ఇచ్చుకున్నాడు. అలాగని అబద్ధమూ కాదు. ద్వీపాల మధ్య తిరిగే సర్కారు ఓడల్లో ఉద్యోగమంతా చుక్కాని దగ్గరే గడిపాడు. వానాకాలంలో కార్ నికోబార్ దారిలో తోటివాళ్లంతా తలలు పట్టుకుని మూలుగుతుంటే, ఈయన చేపల పులుసు కలుపుకుని రెండో వాయి అన్నం పెట్టించుకునేవాడు. పెళ్లయిన కొత్తలో భార్య సింహాచలమ్మని విశాఖపట్నం నుంచి ఓడెక్కించి తీసుకొస్తే, ఆవిడ దారిపొడుగునా బకెట్ వదల్లేదు. ఇంటికి ఎవరొచ్చినా టీతోపాటు ఆ కథ కూడా వడ్డించేవాడు. ఆవిడ వినీ వినీ రాటుదేలిపోయింది.

ఆయన చెడ్డ మొగుడని అనడానికి వీల్లేదు. కాకపోతే ఇంట్లో ఉండని మొగుడు. ఇంటిపట్టున ఉన్న సాయంత్రాలు బహు తక్కువ. అందుకే రిటైరైన రోజు మెళ్లో దండతో ఇంటికొచ్చి, ఇకనుంచి రోజూ సాయంత్రం నీ పక్కన కూర్చుని పాత సినిమాలు చూస్తానని మాటిచ్చాడు. సింహాచలమ్మ నవ్వుతూ విన్నా, ఆ మాటని గట్టిగానే పట్టుకుంది.

రంగత్‌లో టీచరుగా చేస్తున్న కూతురు శ్రావణి ఆ సంగతి తెలిసి పెద్ద టీవీ కొనిపెట్టింది. సముద్రం అడుగునుంచి కేబుల్ వచ్చాక ద్వీపాల్లో నెట్ కాస్త దారిలో పడింది కదా, పాత సినిమాలు ఎన్ని కావాలంటే అన్ని. మొదటి సాయంత్రం దీపం పెట్టగానే ఇద్దరూ కూర్చున్నారు. సినిమాలో కెమెరా పొలాల మీదుగా మెల్లగా తిరుగుతోంది. పొలాలు కాసేపు నూనెలో జారినట్టు సాగి, ఠక్కున ఆగి, మళ్లీ జారాయి. గవరయ్య కాళ్ల కింద నేల ఊగినట్టయింది. సునామీ చూసిన ప్రాణం, ఇంకేం ఆలోచిస్తుంది? "భూకంప్" అని కేకేసి, భార్య చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చాడు.

పక్కింటి బేబీరాణి గ్యాస్ కట్టేసి పరుగెత్తుకొచ్చింది. ఎదురింటి నూకన్న లుంగీ బిగించుకుంటూ వచ్చాడు. ఇక్కడ ఆ మాట వినబడితే ఎవరూ కారణం అడగరు, ముందు బయటికొస్తారు. అందరూ నిలబడి చూశారు. కరెంటు తీగ కదల్లేదు, తొట్టిలో నీళ్లు తొణకలేదు. ఉద్యోగం వదిలినా ఓడ నిన్ను వదల్లేదు భయ్యా అన్నాడు నూకన్న. వీధంతా నవ్వింది. గవరయ్యా నవ్వాడు, తప్పదు గనక.

మర్నాడు టీవీ పెట్టగానే మళ్లీ అదే తంతు. ఊగుతున్నది నేల కాదని, తన కడుపేనని ఈసారి తెలిసింది. సముద్రం ఏమీ చెయ్యలేకపోయిన మనిషిని నట్టింట్లో టీవీ పలక కూలదోసింది. ఎవరితో చెప్పుకుంటాడు? తనకొచ్చిన ఓడ తెలివే వాడాడు. ఓడ మధ్యలో ఊపు తక్కువగా ఉంటుంది గనక కుర్చీని గది మధ్యకి జరిపాడు. చూపు కదలని దాని మీద నిలపాలి గనక టీవీ పక్కన క్యాలెండర్లో వెంకన్న మీద నిలిపాడు. దానితో సినిమా చేజారింది, కడుపు మాత్రం కుదురుకోలేదు. ఇక సాయంత్రమయ్యేసరికి ఏదో ఒక పని పుట్టేది. గుడి కమిటీ, చేపల బజారు, ఏదీ లేకపోతే ప్రోతరాపూర్లో తమ్ముడి ఇల్లు. సినిమా అయిపోయే వేళకి నెమ్మదిగా వచ్చేవాడు.

సింహాచలమ్మ లోలోపల చాలా బాధపడింది. ఉద్యోగమున్నన్నాళ్లూ ఓడ అడ్డమనుకుంది. ఇప్పుడు ఓడ లేదు, అయినా మనిషి పక్కన కూర్చోడు. అంటే తన పక్కన కూర్చోవడమే ఆయనకి ఇష్టం లేదేమో. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు, ఆవిడకి అన్నం కూడా సయించడం మానేసింది.

సెలవులకి శ్రావణి వచ్చింది. కూతురు కొన్న టీవీ, కూతురి ముందు తప్పించుకోవడం కుదరక గవరయ్య కూర్చున్నాడు. సింహాచలమ్మ సినిమా చూడలేదు, మొగుణ్ణే చూసింది. ఊరికే ఆవలిస్తున్నాడు. గుటకలు మింగుతున్నాడు. పై పెదవి మీద చెమట పట్టింది. ఈ వరస ఆవిడకి పరాయిది కాదు. బకెట్ అందుకోబోయే ముందు మనిషి ఎలా ఉంటాడో ఆవిడకంటే తెలిసినవాళ్లు ఆ బస్తీలో లేరు. లేచి వంటింట్లోకి వెళ్లి నిమ్మచెక్క తెచ్చి, కూతురి కంట పడకుండా ఆయన గుప్పిట్లో పెట్టింది. గవరయ్య తలెత్తి చూశాడు. ఇన్నేళ్ల బాకీ తీర్చుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. అయినా ఆవిడ నవ్వలేదు.

మర్నాడు, అప్పట్లో టీవీ బిగించిన కుర్రాడు ధనరాజుని పిలిపించి, బొమ్మ చూస్తే నాకు తల తిరుగుతోంది నాయనా అని తన మీదే వేసుకుంది. ధనరాజు రిమోట్ నొక్కుతూ వివరంగానే చెప్పాడు. పాత సినిమాలో సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. ఈ టీవీ సెకనుకి అరవైసార్లు చూపిస్తుంది. సమంగా పంచడం కుదరదు గనక ఒక బొమ్మ రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు నిలబడి నడక కుంటుతుంది. ఆ కుంటు కనబడకుండా టీవీ సినిమాలో లేని బొమ్మల్ని కల్పించి మధ్యలో ఇరికిస్తుంది. కల్పన అందుకోలేని చోట చేతులెత్తేస్తుంది. ఆ సాగడం, ఆగడం అందువల్లే. కొందరికి అది పడదు.

"ఇది షోరూంలో సోకు కోసం ఆంటీ, ఇంట్లో బేకార్. బంద్ చేసేశాను," అన్నాడు. సినిమా లెక్కకి తగ్గట్టే టీవీ నడిచేలా ఇంకో సెట్టింగ్ కూడా మార్చాడు. గవరయ్య పేపరు చాటునుంచి ఒక్క ముక్క పోకుండా విన్నాడు. తప్పు తన కడుపుది కాదని తేలేసరికి ఆయనకి పోయిన పరువు తిరిగొచ్చినట్టయింది.

ఆ సాయంత్రం పొలాలు పొలాల్లాగే కదిలాయి. కడుపు కిక్కురుమనలేదు. శ్రావణి స్నేహితురాలింటికి వెళ్లింది, ఇంట్లో ఇద్దరే ఉన్నారు. మనసు తేలికపడ్డ గవరయ్య మొత్తం చెప్పేశాడు. తల తిరిగింది నాకేనని, నలుగురిలో నిన్ను అన్నేళ్లు నవ్వులపాలు చేసి ఇప్పుడు నాకే తిప్పుతోందని చెప్పడానికి సిగ్గేసిందని, అంతేగాని నీ పక్కన కూర్చోవడం ఇష్టం లేక కాదని.

"నానేటి, సినిమాల కోసం ఏడిసినానా?" అంది సింహాచలమ్మ. "ఓ మాట సెప్పుంటే టీవీ కట్టేసి కూకుందుము కదా."

గవరయ్య ఇన్నాళ్లూ కుర్చీ జరిపాడు, వెంకన్నని చూశాడు, ఊరంతా తిరిగాడు. ఈ ఒక్క వైద్యం మాత్రం ఆయన బుర్రకి తట్టలేదు. సిగ్గుతో రిమోట్ తీసుకుని, మంచి పాట నడుస్తుండగా టీవీ కట్టేశాడు. ఆవిడ బేబీరాణి కొత్త కోడలి సంగతి ఎత్తుకుంది. గవరయ్య కుర్చీని ఆవిడ వైపు తిప్పుకుని ఊ కొట్టడం మొదలుపెట్టాడు.