బొట్టు పెట్టిన నెట్‌వర్క్ కార్డు

సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తానంటే మా మచ్చ బొల్లారం కాలనీలో ఎవరూ ఊరికే వదిలిపెట్టరు. నేను అక్కడ చేసేది జీతాల లెక్కలు. కంప్యూటర్ ఆన్ చేయడం, ఆఫ్ చేయడం, మొరాయిస్తే మళ్లీ ఆన్ చేయడం, ఇంతే నా విద్య. ఈ తేడా మా ఇంటి ఓనర్‌కి ఎంత చెప్పినా ఎక్కదు. "హోటల్ల పనిచేసెటాయన వంట రాదంటె నమ్ముతమా సార్?" అంటాడు.

ఆయనది శామీర్‌పేట. వ్యవసాయం చేసిన కుటుంబం, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. కింద వాళ్లుంటారు, పైన కోస్తా నుంచి వచ్చిన మేం అద్దెకుంటాం. వాళ్లమ్మను కాలనీ అంతా అవ్వ అంటుంది, నేనూ అలాగే పిలుస్తాను.

ఈ మధ్య అవ్వకి తుంటి విరిగి ఆపరేషన్ అయింది. కుదుపులు తగలకూడదు, బండి ఎక్కకూడదు అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆమె బర్రె మాత్రం శామీర్‌పేటలో, ప్లాట్లు కాకుండా మిగిలిన కాస్త పొలంలోని కొట్టంలో ఉండిపోయింది. దాన్ని చూడందే ముద్ద ముట్టనని అవ్వ భీష్మించుకుంటే, కొడుకు కొట్టంలో కెమెరా పెట్టించాడు. ఫోన్లో చూపించాడు. "గీ ఈగంత దాన్ని నా బర్రె అంటున్నవా?" అంది అవ్వ. దాంతో ప్లాట్ల ఆఫీసులో మూలపడ్డ పాత కంప్యూటర్ ఇంటి హాల్లోకొచ్చింది. రెండుపూటలా అవ్వ దాని ముందు కుర్చీ వేయించుకుని కూర్చునేది. బర్రె నెమరేస్తుంటే తనకు తెలియకుండానే ఈమె దవడలూ ఆడేవి.

అలాంటిది, బర్రె ఇవాళో రేపో ఈనుతుందనగా, కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని ఓనర్ దాన్ని ఎవరికో ఇచ్చి ఫార్మాట్ కొట్టించుకొచ్చాడు. స్క్రీన్ తళతళలాడుతోంది. నెట్ మాత్రం లేదు. నాకు పిలుపొచ్చింది.

"సార్, జర చూడున్రి. అమ్మ పొద్దుగాల సంది తింటలేదు. గా బర్రె ఎన్నిసార్లు ఈనినా అమ్మనే పక్కన కూసున్నది," అన్నాడు.

లోపలున్న నెట్‌వర్క్ కార్డుకు డ్రైవర్, అంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, లేదని స్క్రీన్ మీదే రాసుంది కాబట్టి అంతవరకు నాకూ అర్థమైంది. నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి, ఆ డ్రైవర్ దొరికేది నెట్‌లో. ఈ సంగతి అవ్వకి వివరించాను. "గదేం తెలివి? తాళంచెవి ఇంట్ల వెట్టి తాళమేస్తరా ఎవలన్న?" అంది. కంప్యూటర్లు కనిపెట్టినవాళ్ల తరఫున నేను సిగ్గుపడ్డాను.

పైకెళ్లి నా లాప్‌టాప్‌లో వెతికాను. ఏ పేజీ తెరిచినా డౌన్‌లోడ్ అనే పచ్చబటన్లు కుప్పలు. ఒకటి నొక్కితే వాతావరణం చెప్పేదేదో దిగింది. ఇంకోటి నొక్కితే నా లాప్‌టాప్ ప్రమాదంలో ఉందని గోలపెట్టింది. దొరికినవన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కిందికి దిగడం, అది నాది కాదని కంప్యూటర్ అనడం, మళ్లీ మెట్లెక్కడం. మోకాళ్ల నొప్పులు తగ్గడానికి ఇలా చేయమన్నారా అని పక్కింటావిడ అడిగింది.

కార్డు మీదున్న చిప్ నంబరు చూస్తే సరైన డ్రైవర్ దొరుకుతుందని ఎక్కడో చదివి కంప్యూటర్ డబ్బా విప్పించాను. నంబరు ఉండాల్సిన చోట పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద మళ్లీ పసుపు గట్టిగా పేరుకుపోయి ఉన్నాయి.

"ఆఫీసుల ఉన్నప్పటి సంది ఏటేట దసరకు నేనే వెట్టిన," అంది అవ్వ. "ట్రాక్టర్‌కు, మోటర్‌కు, దీనికి. మీద డబ్బాకు వెడితె లోపలున్నదానికేం ముడ్తది? అందుకే ఇప్పిచ్చి వెట్టిన."

నేను దూది తడిపి కార్డు మీదికి వంగాను.

"ఆగు బిడ్డా! బొట్టు తుడుస్తున్నవా?"

ఓనర్ విసుక్కున్నాడు. "అమ్మా, నీకు బర్రె కావాల్నా, బొట్టు కావాల్నా?"

అవ్వ కార్డుకు చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు తుడిచిననాడు నన్నెవలు అడగలే. నా ముంగట ఇంకోదానికి తుడువనియ్య," అంది.

ఆమె బోసి నుదురు వైపు చూడలేక తల దించుకున్నాను. దూది పారేశాను.

మా ఆఫీసులో నిజంగానే కంప్యూటర్లు తెలిసిన అమ్మాయికి ఫోన్ చేశాను. ముందు కడుపారా నవ్వింది. తర్వాత, డబ్బా విప్పే పనే లేదనీ, నంబరు స్క్రీన్ మీద డివైస్ మేనేజర్‌లోనే కనిపిస్తుందనీ చెప్పింది. తెరిచాను. డ్రైవర్ లేని కార్డు పేరు పక్కన చిన్న పసుపు గుర్తు ఉంది.

అవ్వ మెడ సాచి చూసింది. "సూడు, వాళ్లు గూడ పసుపే వెట్టిండ్రు."

ఆ నంబరుతో వెతికితే డ్రైవర్ చిటికెలో దొరికింది. ఈసారి కంప్యూటర్ నోరు మూసుకుని తీసుకుంది. కొట్టం కనిపించింది, బర్రె వెనక భాగం కనిపించింది, అందులోంచి బయటికొచ్చిన రెండు చిన్న గిట్టలు కనిపించాయి. కొట్టం చూసుకునే మనిషి పక్కన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"దూడ ఇరుక్కున్నది," అని అవ్వ కేకేసింది. ఓనర్ ఆ మనిషికి ఫోన్ కలిపి, నా చేతిలో పెట్టి, కళ్లు తిరుగుతున్నాయంటూ వరండాలోకి పోయాడు. అవ్వ ఫోన్ తీసుకోదు, స్క్రీన్‌కేసే అరుస్తోంది. ఇక ఆమె మాటలు నేనే అందించాను.

"నొప్పి వచ్చినప్పుడు మాత్రమే లాగాలట అన్నా," అన్నాను.

"ఏందంటున్నవ్ సార్?"

"బర్రె ముక్కినప్పుడే గుంజు! మీదికి గాదు, కిందికి గుంజు!" అని ఈసారి అవ్వ మాటే, అవ్వ గొంతుతోనే అరిచాను. కాలనీలో కిటికీలు తెరుచుకున్నాయి. దూడ జారి గడ్డిలో పడింది, కదలడం లేదు. "దాని ముక్కుల గడ్డిపోస వెట్టు! జల్దీ!"

దూడ తుమ్మింది. ఫోన్లో నాకు ఆ తుమ్ము వినిపించింది. జీతాల లెక్కలు వేసుకునే మనిషిని, ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బర్రె తల తిప్పి దూడ వీపు మీద నాలుక ఆనించింది. సరిగ్గా అక్కడే బొమ్మ ఆగిపోయింది. పాత కంప్యూటర్ కదా, బిగుసుకుపోయింది. తిట్టుకుంటూ బటన్ మీదికి వంగాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ముట్టకు బిడ్డా, గట్లనే ఉండనియ్యి. కడుగుడు, జున్నుపాలు పిండుడు, పేడ ఎత్తుడు... ఏ ఈతల గూడ నాకు గింతసేపు సూసే తీరిక దొరకలే."